పసుపు నుంచి ఫినాఫ్తలీన్ దాకా: ఆమ్లం, క్షారం, పీహెచ్ ఇంట్లో, బడిలో, పొలంలో చూసుకునే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్ళలో కొత్త కోడలు గడప దగ్గరికి రాగానే ఎర్రనీళ్ళ పళ్ళెం తెస్తారు. ఆ ఎరుపు కోసం ఎవరూ రంగు పొడి కొనరు. పసుపు కలిపిన నీళ్ళలో చిటికెడు సున్నం వేస్తే చాలు. అదే పళ్ళెంలో నిమ్మకాయ పిండి చూడండి, ఎరుపు పోయి మళ్ళీ పసుపు తేలుతుంది. బడిలో లిట్మస్ కాగితం చేసే పని మన పూజ గదిలో ఎప్పటినుంచో జరుగుతోంది.

అయితే ఇక్కడే చాలామంది ఒక తప్పు లెక్క వేసుకుంటారు. పసుపు ఎర్రబడితే ద్రావణం క్షారమని అనుకోవచ్చు. ఎర్రబడకపోతే అది ఆమ్లమని అనుకోవడానికి మాత్రం లేదు. పీహెచ్ అంటే ఆమ్లం, క్షారం బలాన్ని చెప్పే అంకె: 7 తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. పసుపులోని రంగు పదార్థం కర్కుమిన్ పీహెచ్ 7.4 దగ్గర మారడం మొదలుపెట్టి 8.6 దగ్గర పూర్తిగా ఎర్రబడుతుంది. అంతకు దిగువన నిమ్మరసంలోనైనా, మంచినీళ్ళలోనైనా, ఉప్పునీళ్ళలోనైనా దాని రంగు ఒక్కటే. ఇలా రంగు మారి ఆమ్లం, క్షారం సంగతి చెప్పే పదార్థాన్నే సూచిక అంటారు. ప్రతి సూచికకూ తనదైన ఒక హద్దు ఉంటుంది. ద్రావణం ఆ హద్దుకు ఏ పక్కన ఉందో అది చెప్తుంది, అంతకు మించి చెప్పలేదు. కాబట్టి ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకుని, దానికి తగ్గ సూచికను ఎంచుకోవాలి.

ముందు మూడు ప్రశ్నలను విడదీయండి

ఒకటి, ద్రావణం ఫలానా హద్దుకు ఏ వైపు ఉంది? దీనికి ఒక సూచిక చాలు. రెండు, దాని పీహెచ్ ఎంత? దీనికి చాలా రంగులు మారే సూచిక, పక్కన పోల్చుకోవడానికి పీహెచ్ తెలిసిన ద్రావణాల వరుస, లేదా మీటరు కావాలి. మూడు, అందులో ఆమ్లం మొత్తం ఎంత? దీనికి జవాబు పీహెచ్ ఇవ్వదు, టైట్రేషన్ (బలం తెలిసిన క్షారాన్ని కొద్దికొద్దిగా పోసి ఎంత పట్టిందో కొలవడం) ఇస్తుంది. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం వస్తుంది.

పీహెచ్ కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ ప్రవేశపెట్టాడు. హైడ్రజన్ అయాన్ల గాఢతను పదుల రెట్లలో చెప్పే అంకె ఇది. పీహెచ్ 4 ఉన్న నీళ్ళలో పీహెచ్ 5 నీళ్ళకంటే పది రెట్లు, పీహెచ్ 6 నీళ్ళకంటే వంద రెట్లు ఎక్కువ హైడ్రజన్ అయాన్లు ఉంటాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర తటస్థత 7. వేడిమీద ఆ అంకె దిగుతుంది: మరుగుతున్న స్వచ్ఛమైన నీటికి సుమారు 6.1, అయినా అది తటస్థమే. అందుకే ఏ పరీక్షైనా చల్లారాకే చేయాలి.

తరచుగా పనికొచ్చే సూచికల హద్దులు ఇవి:

- మిథైల్ ఆరెంజ్: 3.1 నుంచి 4.4 (ఎరుపు, తర్వాత పసుపు)
- మిథైల్ రెడ్: 4.4 నుంచి 6.2 (ఎరుపు, తర్వాత పసుపు)
- లిట్మస్: సుమారు 5 నుంచి 8 (ఎరుపు, తర్వాత నీలం)
- బ్రోమోథైమాల్ బ్లూ: 6.0 నుంచి 7.6 (పసుపు, నడుమ ఆకుపచ్చ, తర్వాత నీలం)
- పసుపు: 7.4 నుంచి 8.6 (పసుపు, తర్వాత ఎర్రటి గోధుమ)
- ఫినాఫ్తలీన్: 8.2 నుంచి 10 (రంగు లేదు, తర్వాత గులాబీ)

ఫినాఫ్తలీన్‌తో ఒక తిరకాసు ఉంది. బాగా గాఢమైన కాస్టిక్ సోడాలో వేస్తే గులాబీ వచ్చినట్టే వచ్చి కాసేపటికి పోతుంది. రంగు లేదు కాబట్టి క్షారం కాదని పిల్లలు రాసేస్తారు. అలాంటి చోట ద్రావణాన్ని నీళ్ళతో బాగా పలచన చేసి మళ్ళీ చూడాలి.

సామాను, ఎక్కడ దొరుకుతుంది

కిరాణా కొట్టులో: తినే సోడా, నిమ్మ ఉప్పు, పటిక, తెల్ల వెనిగర్ (సీసా మీద 4 శాతం అని ఉన్నది), తాంబూలపు సున్నం. పూజాసామాగ్రి లేదా కంసాలి సామాన్ల కొట్టులో: వెలిగారం. మొబైల్ రిపేర్ వాళ్ళకు సామాన్లు అమ్మే చోట: ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మందుల షాపు సర్జికల్ స్పిరిట్‌లో కొన్నిసార్లు నూనె కలిపి ఉంటుంది, నీళ్ళు తగలగానే తెల్లగా మబ్బు పడుతుంది, రంగు సరిగా కనపడదు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ కొట్టులో దొరుకుతుంది. కాకపోతే అదే కొట్టులో, అలాంటి క్యాన్‌లోనే బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది. లేబుల్ చదవకుండా తీసుకోకండి.

వీటితోపాటు 0.1 గ్రాము చూపించే చిన్న తూకం (నగల తూకం), 1, 5 మి.లీ. సిరంజీలు సూదులు లేకుండా, గాజు గ్లాసులు, తెల్ల కాగితం. గిన్నెలు గాజువో స్టీలువో కావాలి. అల్యూమినియం గిన్నెలో సున్నం, సోడా పోస్తే గిన్నే కరుగుతుంది. ఇనుప మూకుడులో పూలు మరిగిస్తే ఇనుముతో కలిసి రంగు నీలి, నలుపు వైపు తిరుగుతుంది. పటిక కూడా ఇదే పని చేస్తుంది.

జాగ్రత్త విషయంలో తాంబూలపు సున్నాన్ని తేలిగ్గా తీసుకుంటారు. పిల్లల కళ్ళకు అది చాలా ప్రమాదకరం, ట్యూబు నొక్కగానే ఎగిరి కంట్లో పడుతుంది. పడితే కణాలు తీసేస్తూ, రెప్పలు విడదీసి, ధారగా మంచినీళ్ళతో అరగంట పాటు కడుగుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నిమ్మరసమో వెనిగరో పోసి విరుగుడు చేయాలని మాత్రం చూడకండి. గాఢ ఆమ్లాన్ని పలచన చేయాలంటే నీళ్ళలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి, ఆమ్లంలోకి నీళ్ళు పోయకూడదు. బాత్రూమ్ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో ఏ కారణానా కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

పూల రసం తీయడం

మనకు సులువుగా దొరికేవి ఎర్ర మందారం, కంచెల మీద పాకే నీలి శంఖుపుష్పం (ఒడియాలో అపరాజిత). రెంటిలోనూ రంగు ఇచ్చేవి ఆంథోసయనిన్లు. మందారం ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ. శంఖుపుష్పం ఇంకా మెరుగు: 3కు దిగువన గులాబీ ఎరుపు, 4 దగ్గర ఊదా, తటస్థం చుట్టూ నీలం, 9, 10 దగ్గర నీలిపచ్చ, 12 దాటితే పసుపు. పైగా దాని రంగు మందారంలా గంటల్లో వెలిసిపోదు. రెండూ ఉంటే శంఖుపుష్పాన్నే తీసుకోండి.

1. శంఖుపుష్పాలు 20 తీసుకుని, తొడిమలు, పచ్చటి భాగం తీసేయండి. మందారమైతే రేకులు మాత్రం 10 గ్రాములు.
2. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ వేడి చేసి, మరగబోయే ముందు దించి, పూలు వేసి మూత పెట్టండి.
3. 15 నిమిషాల తర్వాత పలచటి గుడ్డలో వడకట్టండి. గట్టిగా పిండితే మందారం జిగురు దిగుతుంది, తర్వాత చుక్కలు పడవు. జిగురు ఎక్కువైతే నీళ్ళకు బదులు సగం ఆల్కహాల్, సగం నీళ్ళు వాడి చల్లగానే నానబెట్టండి.
4. ఈ వేడిలో బయట ఉంచితే రెండు, మూడు రోజుల్లో బూజు పడుతుంది. ఐసు ట్రేలో గడ్డ కట్టించి ఒక్కో ముక్క వాడుకోవచ్చు.

బోరు నీళ్ళతో రసం తీస్తే మొదటినుంచే అది ఆకుపచ్చగానో మురికి నీలంగానో ఉంటుంది. నీళ్ళలోని బైకార్బొనేట్లు, ఇనుము అప్పటికే పని మొదలుపెట్టేశాయన్నమాట.

ఎర్రగా ఉన్న ప్రతి మొక్కా పనికొస్తుందని కాదు. బీట్‌రూట్, బచ్చలి పళ్ళు, కాగితం పూలు, చంద్రకాంత, కోడిజుట్టు పూలు, ఎర్ర తోటకూర చూడటానికి ఆశపెడతాయి. వీటిలో ఉండేది ఆంథోసయనిన్ కాదు, బీటలైన్. నిమ్మరసం నుంచి తినే సోడా దాకా దాదాపు ఒకే గులాబీ, సున్నపు తేట లాంటి గట్టి క్షారంలో మాత్రం పసుపు. బచ్చలి పళ్ళతో ప్రాజెక్టు మొదలుపెట్టి రంగే మారడం లేదని తలపట్టుకునే పిల్లలకు ఈ సంగతి ఒక్కటి చెబితే చాలు. గోంగూర జాతి ఎర్రకాయల రేకుల్లో ఉండేది ఆంథోసయనినే, కానీ రసం తనంతట తానే బాగా పులుపు కాబట్టి ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది. నేరేడు రసం ఫరవాలేదు, మరకలతోనే బాధ.

కాగితాలు చేసుకోవాలంటే ఫిల్టర్ కాగితాన్నే ముంచి నీడలో ఆరబెట్టండి. నోటుపుస్తకం కాగితంలో సుద్ద కలుపుతారు, అది క్షార స్వభావం, పూల రసం దాని మీద ముందే రంగు మారిపోతుంది. పశువుల శాల పక్కన ఆరబెడితే అమ్మోనియా తగిలి కాగితాలు ఆకుపచ్చగా మారతాయి.

పోల్చుకోవడానికి తెలిసిన ద్రావణాల వరుస

ఈ పనిలో అందరూ వదిలేసేది ఇదే, అసలు విలువ అంతా ఉన్నదీ ఇందులోనే. ఊదా వచ్చింది, నీలం వచ్చింది అని రాసుకుంటే అది ఏ పీహెచ్చో ఎవరికీ తెలియదు. రంగును దాని పక్కన పెట్టిన పీహెచ్ తెలిసిన ద్రావణంతో పోల్చినప్పుడే అంకె వస్తుంది. కింది వరుసంతా బజారు సరుకుతో అవుతుంది. అన్నీ డిస్టిల్డ్ వాటర్‌లోనే.

పీహెచ్ 2.5: 4 శాతం తెల్ల వెనిగర్, ఉన్నదున్నట్టు.

పీహెచ్ 3.0: ఆ వెనిగర్ 10 మి.లీ. తీసుకుని నీళ్ళతో 100 మి.లీ. చేయండి.

పీహెచ్ 3.5: రెండోదాన్ని మళ్ళీ పది రెట్లు పలచన చేయండి. పది రెట్లు పలచన చేస్తే పీహెచ్ ఒక అంకె పెరగాలి కదా, సగమే ఎందుకు పెరిగింది? ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది. అణువుల్లో కొన్నే విడిపోయి ఉంటాయి, పలచనైన కొద్దీ మిగిలినవాటిలో మరికొన్ని విడిపోతాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే పూర్తి అంకె పెరిగేది.

పీహెచ్ సుమారు 4.7: వెనిగర్ 100 మి.లీ.లో తినే సోడా 2.8 గ్రాములు కొద్దికొద్దిగా వేయండి. నురగ తగ్గాక గోరువెచ్చగా చేసి, కలుపుతూ బుడగలు పోనిచ్చి చల్లార్చండి. 4 శాతం వెనిగర్‌ను పూర్తిగా చంపడానికి (ఆమ్లం మొత్తం తీర్చేయడానికి) 5.6 గ్రాముల సోడా పడుతుంది. సగమే వేశాం కాబట్టి సగం ఆమ్లం, సగం దాని లవణం మిగిలి బఫర్ (పీహెచ్‌ను సులువుగా కదలనివ్వని ద్రావణం) అయింది. బుడగలు పోకుండా వాడితే కార్బానిక్ ఆమ్లం వల్ల పీహెచ్ తక్కువగా చూపిస్తుంది.

పీహెచ్ 7: దీనికి మాత్రం బఫర్ మాత్ర కొనుక్కోండి. ప్రయోగశాల సామాన్ల కొట్టులో 4.0, 7.0, 9.2 మాత్రలు దొరుకుతాయి. ఒక మాత్రకు ఎన్ని మి.లీ. నీళ్ళో డబ్బా మీద ఉంటుంది, మామూలుగా 100. డిస్టిల్డ్ వాటర్ ఉంది కదా అదే 7 అనుకోవద్దు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని అది 5.6 దగ్గరికి దిగిపోతుంది. పైగా దానికి నిలకడ లేదు, మీరు వేసే పూల రసమే దాని పీహెచ్‌ను మార్చేస్తుంది.

పీహెచ్ 8.3: తినే సోడా 1 గ్రాము, 100 మి.లీ. చల్లటి నీళ్ళు. అప్పటికప్పుడు కలుపుకోవాలి. వేడి చేసినా, రెండు రోజులు తెరిచి ఉంచినా కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పైకి పాకుతుంది.

పీహెచ్ 9.2: వెలిగారం 3.8 గ్రాములు లీటరు నీళ్ళలో. ప్రయోగశాలల్లో మీటర్లు సరిచూసుకునే ప్రమాణ ద్రావణం కూడా ఇదే. తూకంలో కాస్త అటూఇటూ అయినా పీహెచ్ పెద్దగా కదలదు. వెలిగారం కడుపులోకి పోకూడదు, సీసా మీద పేరు రాయండి.

పీహెచ్ 10.0: తినే సోడా 2.1 గ్రాములు, నీరు లేని చాకలి సోడా 2.65 గ్రాములు, లీటరు నీళ్ళు. కొట్టులో దొరికే చాకలి సోడాలో ఎంత నీరు పట్టి ఉందో తెలియదు, తూకం దారి తప్పుతుంది. అందుకని తినే సోడా నుంచే చేసుకోండి. 10 గ్రాముల తినే సోడాను స్టీలు మూకుడులో పెద్దమంట మీద కలుపుతూ వేయించాలి. పొడి కాసేపు ద్రవంలా జారుతూ కదులుతుంది, ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పోతున్న గుర్తు అది. తూకం 6.3 గ్రాముల దగ్గర ఆగి ఇక తగ్గకపోతే పూర్తయినట్టు. చల్లారగానే గట్టిమూత సీసాలో పెట్టండి.

పీహెచ్ సుమారు 11.5: పైన చేసిన సోడా 1 గ్రాము, 100 మి.లీ. నీళ్ళు.

పీహెచ్ 12.4: సున్నపు తేట. 5 గ్రాముల సున్నం లీటరు నీళ్ళలో గిలకొట్టి, మూత పెట్టి రాత్రంతా వదిలేసి, పైతేట మాత్రం కదలకుండా తీయండి. గాలి తగిలితే పైన తెల్లటి మీగడలాంటి పొర కడుతుంది, అది సుద్ద. పొర కట్టిన తేట బలం తగ్గినట్టే.

పరీక్ష

ప్రతి గ్లాసులో ద్రావణం 10 మి.లీ., పూల రసం 1 మి.లీ., అన్నిటికీ ఒకే కొలత. తెల్ల కాగితం మీద, పగటి వెలుగులో, పైనుంచి చూడండి. పసుపు బల్బు కింద నీలం, ఆకుపచ్చ తేడా తెలియదు. వరుస సిద్ధమయ్యాక తెలియని ద్రావణాన్ని అదే కొలతలో కలిపి, ఏ రెండింటి మధ్య పడుతుందో చూడాలి. పది నిమిషాల్లోపే చూసేయాలి, గట్టి క్షారంలో పూల రంగు విరిగిపోయి పసుపు వైపు జారుతుంది. ఈ పద్ధతిలో అర అంకె కచ్చితత్వం వస్తే మంచి పనే.

ఏవి ఎక్కడ పడతాయో ఉజ్జాయింపు: నిమ్మరసం 2 నుంచి 2.5, పటిక నీళ్ళు 3 నుంచి 4. పటికలో ఆమ్లం కనపడదే అంటారు. అల్యూమినియం అయాన్ నీటితో కలిసి హైడ్రజన్ అయాన్లను వదులుతుంది, పులుపు అక్కడిదే. రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నం, మన తరవాణి, ఒడియావాళ్ళ పఖాళ, పిల్లలకు మంచి పాఠం. నీళ్ళు పోసినప్పుడు, ఆరు గంటలకు, మర్నాడు పొద్దున్న మూడుసార్లు తేట తీసి చూస్తే, లాక్టిక్ ఆమ్లం పెరిగి పీహెచ్ 4 వైపు దిగడం రంగుల్లోనే కనిపిస్తుంది. చోడి (రాగి) అంబలి పులియబెట్టే ఇళ్ళలో దాన్నీ చూడొచ్చు, కాకపోతే దాని సొంత రంగు అడ్డొస్తుంది, గుడ్డలో వడకట్టి పలచన చేయాలి. కట్టెల బూడిద నానబెట్టిన తేట 10 దాటుతుంది, అందులో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, ఒకప్పుడు బట్టల మురికి వదిలింది దానితోనే.

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే పీహెచ్ 6.5 నుంచి 8.5. ఈ హద్దు చూడటానికి పూల రసం చాలదు, అక్కడ రంగు తేడా తక్కువ. బ్రోమోథైమాల్ బ్లూ వాడండి, లేదా మీటరు. పెన్ను మీటరైతే ప్రతిసారీ రెండు బఫర్లలో సరిచూడండి, పని అయ్యాక డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ఉంచకండి. గాజు బుడ్డి పాడవుతుంది. దానికి పొటాషియం క్లోరైడ్ ద్రావణం కావాలి, 100 మి.లీ.కి 22.4 గ్రాములు. పీహెచ్ సరిగ్గా ఉందని నీళ్ళు తాగడానికి మంచివని అర్థం కాదు, సూక్ష్మజీవుల సంగతి పీహెచ్‌కు తెలియదు.

పసుపు కాగితం, కల్తీ పసుపు

5 గ్రాముల పసుపు, 50 మి.లీ. ఆల్కహాల్, గంట నానబెట్టి వడకట్టడం, అంతే. నీళ్ళలో కర్కుమిన్ దాదాపు కరగదు, నీళ్ళతో చేసిన కాగితం పేలవంగా ఉంటుంది. పసుపు దంచినదైతే మేలు. ఇటు వైపు సంతల్లో 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కంధమాల్ పసుపు దొరుకుతుంది, అది చక్కగా పనిచేస్తుంది.

పసుపులో కలిపే మెటానిల్ యెల్లో కూడా ఒక సూచికే. దాని హద్దు వేరు: పీహెచ్ 1.2 నుంచి 2.3, దానికి దిగువన ఎరుపు. పసుపు హద్దు 8 దగ్గర, కల్తీ రంగు హద్దు 2 దగ్గర కాబట్టి గట్టి ఆమ్లం రెంటినీ వేరు చేస్తుంది. బడి ప్రయోగశాలలో చిటికెడు పసుపు 5 మి.లీ. ఆల్కహాల్‌లో కలిపి, కొన్ని చుక్కల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. గులాబీ ఊదా వస్తే వెంటనే కంగారు పడొద్దు, అంత గాఢ ఆమ్లంలో అసలు పసుపు కూడా కాస్త ఎర్రబడుతుంది. నీళ్ళు పోసి పలచన చేయండి. రంగు పోతే అది పసుపుది, నిలిస్తే మెటానిల్ యెల్లోది. ఇది ఉపాధ్యాయుడు దగ్గరుండి, గాలి ఆడే చోట చేయించాల్సిన పరీక్ష.

ఎంత ఆమ్లం ఉంది: టైట్రేషన్

నార్మల్ అంటే ద్రావణం బలాన్ని చెప్పే కొలత. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 1, అంతే నార్మల్ ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ 2.9. దాదాపు రెండు అంకెల తేడా. కానీ రెంటినీ 10 మి.లీ. చొప్పున తీసుకుంటే చంపడానికి పట్టే క్షారం సమానం. పీహెచ్ చెప్పేది ఇప్పటికి విడిపోయి ఉన్న హైడ్రజన్ అయాన్ల లెక్క, టైట్రేషన్ చెప్పేది దాగి ఉన్నవాటితో సహా మొత్తం లెక్క.

ఇంట్లో వెనిగర్ బలం చూసుకునే పద్ధతి:

1. తాజా సున్నపు తేట 100 మి.లీ. మూత ఉన్న సీసాలో ఉంచండి.
2. 1 మి.లీ. సిరంజీతో వెనిగర్ సరిగ్గా 1 మి.లీ. గ్లాసులో వేసి, 20 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోయండి. సిరంజీలో బుడగ ఉంటే లెక్క పోయినట్టే.
3. పసుపు కషాయం నాలుగు చుక్కలు, లేదా ఫినాఫ్తలీన్ (1 గ్రాము 100 మి.లీ. ఆల్కహాల్‌లో) రెండు చుక్కలు.
4. 5 మి.లీ. సిరంజీతో సున్నపు తేట పోస్తూ గ్లాసును గుండ్రంగా తిప్పండి. మొదట్లో రంగు మెరిసి వెంటనే మాయమవుతుంది. మాయం కావడం నెమ్మదించగానే చుక్క చుక్కగా.
5. రంగు 30 సెకన్లు నిలిస్తే ఆపి, మొత్తం ఎన్ని మి.లీ. పట్టిందో రాయండి. తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల రంగు పోతుంది, దానికోసం ఇంకో చుక్క వేయకండి.
6. రెండు లెక్కలు అర మి.లీ. తేడాలోపు కలిసేదాకా మళ్ళీ చేయండి.

నిండా సున్నం కరిగిన తేట సుమారు 0.04 నార్మల్. కాబట్టి మి.లీ.ను 0.24తో గుణిస్తే వెనిగర్‌లో ఆమ్లం శాతం వస్తుంది. 16.5 మి.లీ. పడితే దాదాపు 4 శాతం. మన ఆహార ప్రమాణాల ప్రకారం వెనిగర్‌లో కనీసం 3.75 శాతం ఉండాలి, అయితే ఈ ఇంటి పద్ధతి పదో వంతు దాకా తప్పొచ్చు, కొట్టువాడితో తగువుకు పనికిరాదు. వేడి పెరిగితే సున్నం నీళ్ళలో తక్కువ కరుగుతుంది కాబట్టి మే నెలలో తేట ఇంకాస్త పలచన. నిమ్మరసానికైతే 0.26తో గుణించండి, సిట్రిక్ ఆమ్లం శాతం వస్తుంది. చింతపండు పులుసులో రంగు కనపడదు. అక్కడ గ్లాసులో సూచిక వేయకుండా, గాజు కడ్డీతో చుక్క తీసి పసుపు కాగితం మీద పెట్టి చూస్తూ పోవాలి.

మిథైల్ ఆరెంజ్ ఇక్కడ ఎందుకు వద్దు? ఎసిటిక్ ఆమ్లం పూర్తిగా చచ్చే చోట పీహెచ్ 7 కాదు, 8.5 పైన. మిథైల్ ఆరెంజ్ 4.4కే పసుపుపచ్చ అయిపోతుంది, అప్పటికి ఆమ్లంలో చాలా భాగం మిగిలే ఉంటుంది. సోడాను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కొలిచేటప్పుడు మాత్రం అదే సరైనది.

బడిలో బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) ఉంటే 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ (లీటరుకు 4 గ్రాములు) వాడండి. ఆ గుళికలు తూస్తుండగానే తేమ పీల్చుకుంటాయి కాబట్టి 4 గ్రాములు తూచాం, 0.1 వచ్చింది అని నమ్మకూడదు. లీటరుకు 6.3 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలతో చేసిన 0.1 నార్మల్ ద్రావణం 10 మి.లీ. తీసుకుని, ఫినాఫ్తలీన్‌తో దాని బలం ముందు తేల్చుకోండి. ఆక్సాలిక్ ఆమ్లం విషం, పిపెట్‌ను నోటితో పీల్చకూడదు.

మట్టి

రాయగడ, కొరాపుట్, గజపతి కొండవాలు ఎర్రనేలలు ఎక్కువగా ఆమ్ల నేలలు. వానలు సున్నం, మెగ్నీషియం కడిగేసుకుపోతే ఇనుము, అల్యూమినియం మిగులుతాయి. మహారాష్ట్ర సరిహద్దున నాందేడ్ నల్లరేగడి దీనికి తలకిందులు, అక్కడ సున్నపు కంకరతో పీహెచ్ 8 దాటే నేలలే ఎక్కువ. అక్కడి రైతు సలహా ఇక్కడ, ఇక్కడిది అక్కడ పనికిరాదు.

పొలంలో ఎనిమిది, పది చోట్ల 15 సెం.మీ. లోతు గుంట తీసి అంచు మట్టి తీసుకోండి. గట్లు, పెంటకుప్పలు, చెట్ల నీడ, ఈమధ్య ఎరువు వేసిన చోటు వదిలేయండి. అన్నీ కలిపి, నీడలో ఆరబెట్టి, జల్లెడ పట్టండి. 10 గ్రాముల మట్టికి 25 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, అరగంట పాటు మధ్యమధ్య కలుపుతూ ఉంచి మీటరుతో చూడండి. మీటరు లేకపోతే యూనివర్సల్ ఇండికేటర్ (చాలా రంగులు మారే సూచిక). ఎర్రమట్టి తేట ఎంతకీ తేరదు, రంగు కనపడదు, మట్టి కణాలు సూచికను పట్టేసుకుంటాయి కూడా. ఒక చెంచా బేరియం సల్ఫేట్ కలిపితే బంకమట్టి కిందికి దిగుతుంది, దానివల్ల పీహెచ్ మారదు. బేరియం క్లోరైడ్, బేరియం కార్బొనేట్ విషాలు, పేరు సరిచూసి కొనండి.

5.5 కంటే తక్కువైతే అల్యూమినియం కరిగి వేరు కొసలను కురచ చేస్తుంది, వేసిన భాస్వరం ఇనుము, అల్యూమినియంతో కలిసి బిగుసుకుపోతుంది. అనాస ఆ నేలనూ తట్టుకుంటుంది. వేరుసెనగ, కంది, మినుము దెబ్బతింటాయి.

ఇక్కడ మళ్ళీ పీహెచ్‌కూ మొత్తం ఆమ్లానికీ ఉన్న ఆ పాత తేడా ఎదురవుతుంది. పీహెచ్ 5.2 ఉన్న ఇసుక నేలకూ, 5.2 ఉన్న బంకనేలకూ పట్టే సున్నం ఒకటి కాదు, బంకనేలలో దాగిన ఆమ్లత్వం చాలా ఎక్కువ. పీహెచ్ చూసి బస్తాల లెక్క వేసుకోకండి. జిల్లా కృషి విజ్ఞాన కేంద్రంలోనో మట్టి పరీక్ష కేంద్రంలోనో సున్నం అవసరం ఎంతో చెప్పే బఫర్ పరీక్ష ప్రత్యేకంగా అడగండి. సున్నపురాయి పొడి గానీ, ఒడిశాలో వాడుకలో ఉన్న పేపర్ మిల్లు సున్నపు బురద గానీ విత్తడానికి రెండు, మూడు వారాల ముందు వేసి మట్టిలో కలపాలి. యూరియా, అమ్మోనియం ఎరువులతో కలిపి చల్లితే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ పరీక్ష పంట తీశాక, అదే కాలంలో, అదే 1:2.5 నిష్పత్తిలో చేయండి. నీటి నిష్పత్తి మారితే పీహెచ్ కూడా మారుతుంది, రెండు సంవత్సరాల అంకెలను పోల్చడం కుదరదు.